ఏమీ లేని నేలలో ఎన్ని రకాలు?

అనంతపురం నుంచి బెంగుళూరు వెళ్లే బస్సు రాప్తాడు దాటిందంటే చాలు, కిటికీ పక్కన కూర్చున్నవారు కళ్లు మూసుకొంటారు. ఎర్రనేల, బండరాళ్లు, అక్కడక్కడ కంపచెట్లు, దూరంగా నెత్తిన చెట్టు లేని గుట్టలు. "ఇక్కడ చూడ్డానికి ఏముంది?" అని బయటివారు అనడం సరే, మన ఊరివారే అంటారు. చుట్టం వస్తే ఊరి గుడిని, చెరువుకట్టను చూపిస్తాం గాని బీడును చూపించేవారు ఎవరు? ఈ నెల మేము ఆ మాటనే పట్టుకొన్నాం. ఏమీ లేదు అనడానికి ముందు ఎవరైనా లెక్కపెట్టారా? పెడితే ఎంత దూరం నుంచి చూసి లెక్కపెట్టారు?

ఈ రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. ఒక చోట ఎన్ని రకాల మొక్కలు, పక్షులు, పురుగులు బ్రతుకుతాయి, ఎందుకు అన్ని మాత్రమే బ్రతుకుతాయి అని శాస్త్రజ్ఞులు రెండు వందల ఏండ్లకు పైగా వెదకుతూనే ఉన్నారు. 1799 నుంచి 1804 వరకు అమెరికా ఖండాలలో తిరిగిన జర్మనీ దేశస్థుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్, భూమధ్యరేఖ దగ్గర జీవరకాలు ఎక్కువ, ధ్రువాల వైపు పోయే కొద్దీ తక్కువ అని గమనించి వ్రాశాడు. ఎందుకు అన్న దానికి ఈనాటికీ ఒక్క జవాబు లేదు. జవాబులు చాలా ఉన్నాయి. ఏది సరైనదో, చూసే చూపు ఎంత పెద్దదో దాన్నిబట్టి మారిపోతూ ఉంటుంది. రాప్తాడును దగ్గర పెట్టుకొని చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

ముందు వారు లెక్క ఎలా కడతారో చెప్పుకొందాం. పటం మీద గళ్లు గీస్తారు. ఒక్కొక్క గడిలో ఎన్ని రకాల జీవులు కనబడ్డాయో వ్రాస్తారు. పక్కనే ఆ గడిలో పడే వాన, ఎండ, ఎత్తు, నేల, సాగు మొదలైనవి వ్రాస్తారు. తర్వాత ఈ రెండింటినీ కలిపే సూత్రం కోసం వెదకుతారు. దీన్నే మోడల్ అంటారు, అంటే నమూనా. ఇది మన ఇండ్లలో లేని విద్యేమీ కాదు. పెండ్లికి ఎంతమంది వస్తారో విని, అందులో పిల్లలెందరు, పొలం పని చేసేవారెందరు, బియ్యం పాతవా కొత్తవా అని ఆలోచించి ఎసరు పెట్టించే పెద్దమ్మ ప్రతి ఊరిలో ఉంటుంది. ఆమె దగ్గర ఉన్నది కూడా ఒక నమూనాయే. అన్నం మిగిలితే గాని చాలకపోతే గాని మరుసటి పెండ్లికి తన లెక్కను సరిచేసుకొంటుంది. శాస్త్రజ్ఞులు చేసేదీ అంతే. తెలిసిన గళ్లతో సూత్రం కట్టి, లెక్కలోకి తీసుకోని గళ్లకు దాన్ని వర్తింపజేసి, ఎంత తప్పిందో చూస్తారు.

మూడు అద్దాలు

ఇప్పుడు రాప్తాడును మూడు అద్దాలలో చూడండి.

మొదటిది చాలా పెద్ద చూపు. దక్షిణ భారతదేశం మొత్తాన్ని నూరు కిలోమీటర్ల గళ్లుగా విభజించామనుకోండి. పడమటి కనుమల్లో ఆగుంబె ఉన్న గడిలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన అనంతపురం ఉన్న గడిలో సుమారు 550. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే బరువు దించుకొని వస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం రావడానికి అలసిపోతాయి. రెండు ఋతువుల మధ్య ఇరుక్కొన్న పీఠభూమి మనది. దేశంలో జైసల్మేరు తర్వాత మనదే అని చిన్నప్పుడు పాఠంలో చదువుకొన్నదే. 2003లో బ్రాడ్‌ఫోర్డ్ హాకిన్స్, ఆయన తోటివారు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన లెక్కలను కలిపి చూచి చెప్పిన మాట ఇది: చలిదేశాల్లో జీవరకాల సంఖ్యను ఎక్కువగా నిర్ణయించేది వేడిమి, వెచ్చని దేశాల్లో నిర్ణయించేది నీరు. మనకు ఎండకు కొదువ లేదు, నీటికే కొదువ. కాబట్టి ఈ పెద్ద అద్దంలో అనంతపురం బీదగడి. తీర్పు అయిపోయింది. బస్సులో నిద్రపోయే ప్రయాణికుని మాటే నిజం అనిపిస్తుంది.

రెండవది మండలం చూపు. ఇప్పుడు రాప్తాడు మండలాన్ని మాత్రమే తీసుకొని, దాన్ని ఒక్కొక్క కిలోమీటరు గళ్లుగా గీయండి. వాన అన్న కారణం ఇక్కడ మూగబోతుంది. హంపాపురంలోనూ మరూరులోనూ సగటున పడే వాన దాదాపు ఒక్కటే. అన్నదమ్ములిద్దరూ ఒకే కుండలో అన్నం తిని, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి అయితే, ఆ తేడాకు కారణం కుండలోని అన్నం అని ఎవరైనా అంటారా? అందరికీ సమానంగా ఉన్నది తేడాకు కారణం కాజాలదు. "మా చేనులో వాన పడి పక్క చేనులో పడదు, సమానమంటారేమిటి?" అని మన రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క వానకు, ఒక్క ఏడుకు అది నిజం. ముప్పై ఏండ్లు కలిపి చూస్తే ఈ ఏడు వానికి, పై ఏడు వీనికి అన్నట్టు సమమవుతుంది. జీవరకాలు నిలదొక్కుకొనేది ఆ ముప్పై ఏండ్ల లెక్కమీద.

మరి మండలంలో ఒక గడికి, ఇంకో గడికి తేడా ఎక్కడ? ఒక దానిలో కుంట ఉంది, ఒక దానిలో బండగుట్ట ఉంది. ఒకచోట ఎర్రమట్టి మోకాలి లోతు కూడా లేదు, గుంటక గీకితే రాయి తగులుతుంది. వంక పక్కన మాత్రం ఒండ్రు పేరుకొని కానుగలు, ఈతచెట్లు నిలిచాయి. ఒక గడి అంతా వేరుశనగ. మరొకటి మేకలు, గొర్రెలు తిరిగే బీడు. వాన అన్న మాట ఎత్తకుండానే ఒక గడిలో రకాలు ఎక్కువ, మరొక దానిలో తక్కువ.

మూడవది మోకాళ్ల మీద కూర్చొని చూసే చూపు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు. పెద్ద వాన పడిన రెండు వారాలకు బీడులో కూర్చొని చూడండి. గరిక, వెంపలి, పల్లేరు, తుమ్మి, ఉత్తరేణి, అటికమామిడి, గునుగు, ఇంకా పేరు తెలియని సన్నగడ్డి పరకలు. వీటిలో కొన్ని కూరకు పనికివస్తాయి, కొన్ని మందుకు, కొన్ని కాలికి గుచ్చుకోవడానికి. ఇక్కడ మండలంలో ఉన్న తేడాలు కూడా పనిచేయవు. రాయి నీడ ఏ పక్క పడింది, చీమలు గింజను ఎక్కడ జారవిడిచాయి, మేక నోరు ఏ మొక్కను కొరికి ఏ మొక్కకు చోటిచ్చింది, ఇవి పనిచేస్తాయి. మేక కొరకకపోతే ఒకటి రెండు బలిసిన గడ్డిజాతులు మిగతావాటిని కప్పివేస్తాయి. అతిగా కొరికితే ఏదీ మిగలదు.

అద్దం మారితే గెలిచేవాడు కూడా మారుతాడనడానికి ఇంతకంటె ఆశ్చర్యమైన సాక్ష్యం ఒకటి ఉంది. ప్రపంచంలో అత్యధిక మొక్కజాతులు ఎక్కడున్నాయో ఒక్కొక్క కొలతకు విడివిడిగా వెదకి 2012లో ప్రకటించారు. ఒక హెక్టారు తీసుకొంటే, మనమందరం ఊహించినట్టే ఉష్ణమండలపు వర్షారణ్యం గెలిచింది. ఈక్వడార్ అడవిలో ఒక్క హెక్టారులో 942 జాతులు. కాని ఒక్క చదరపు మీటరు తీసుకొంటే అడవి ఓడిపోయింది. గెలిచింది అర్జెంటీనా కొండలమీది గడ్డిబీడు, చదరపు మీటరులో 89 జాతులు! చిన్న కొలతల్లో రికార్డులన్నీ దాదాపు గడ్డినేలలవే, అందులోనూ పశువులు మేసేవి, లేక ఏటేటా గడ్డి కోసుకొనేవి. మన బీడులో 89 దొరుకుతాయని మేము అనడం లేదు. అడవి అంటే గొప్ప, బీడు అంటే బీద అన్నది అన్ని కొలతలకూ చెల్లే మాట కాదని మాత్రమే అంటున్నాం.

పది ఇండ్ల కూర

1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విట్టేకర్ ఈ లెక్కను మూడు భాగాలు చేశాడు. ఒక చోట ఉన్న రకాల సంఖ్య ఒకటి. ప్రాంతం మొత్తంలో ఉన్న సంఖ్య ఒకటి. ఈ రెంటికీ నడుమ, ఒక చోటుకూ ఇంకో చోటుకూ జాబితా ఎంత మారుతుందన్నది మూడవది. మనకు ముఖ్యమైనది ఈ మూడవదే.

పది ఇండ్లలో పదీ అదే పప్పు వండుకొంటే ఊరు మొత్తం మీద ఒకే కూర. ప్రతి ఇంటా ఒక్క కూరే అయినా, ఒకరింట గోంగూర, ఒకరింట వంకాయ, ఒకరింట అలసందలు అయితే ఊరికి పది కూరలు. రాప్తాడు చుట్టుపక్కల వేరుశనగ చేలు మొదటి తరహా. పది చేలు చూసినా జాబితా పెద్దగా పెరగదు. అదే ఒక బీడు, ఒక వంక, ఒక గుట్ట, ఒక కుంట చూడండి. ఒక్కొక్కటి విడిగా బీదదే కావచ్చు, కాని ఒకదాని జాబితా ఇంకొకదానికి రాదు. గుట్టమీది నల్లేరు కుంటలో మొలవదు, కుంటలోని తుంగ గుట్ట ఎక్కదు. కరువుసీమ సంపద ఈ తేడాల్లో దాగి ఉంది. నూరు కిలోమీటర్ల గడిలో చూసేవానికి అది కనబడదు.

స్థలం పెరిగితే రకాలు ఎంత పెరుగుతాయో 1921లో స్వీడన్ దేశస్థుడు ఒలోఫ్ అరీనియస్ ఒక సూత్రం ఇచ్చాడు. (రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన స్వాంటే అరీనియస్ కుమారుడే ఈయన.) స్థలం రెట్టింపు అయితే రకాలు రెట్టింపు కావు, చాలా నెమ్మదిగా పెరుగుతాయి. తరచుగా వాడే అంచనా ప్రకారం స్థలం పదహారింతలు అయితే గాని రకాలు రెండింతలు కావు. దీన్ని తిరగవేసి చదివితే మన బీడుల సంగతి అర్థమవుతుంది. నూరు ఎకరాల బీడులో సగం పోయిందనుకోండి. పోయే రకాలు నూటికి 16 మాత్రమే. "సగం దున్నేసినా ఏమీ కాలేదే" అనిపిస్తుంది. తొంభై ఎకరాలు పోతే రకాలు నూటికి 44 పోతాయి. మొదటి ఎకరాలు పోయేటప్పుడు నష్టం తెలియదు, చివరి ఎకరాల దగ్గర ఒక్కసారిగా తెలుస్తుంది. పైగా ఇవి వెంటనే పోవు. చిన్న ముక్కలో కొన్నాళ్లు ఈడ్చుకొని తర్వాత కనుమరుగవుతాయి.

గుత్తి సాలెపురుగు చెప్పిన పాఠం

సూత్రం ఎంత మంచిదైనా అందులో వేసే లెక్క తప్పైతే ఫలితమూ తప్పే. దీనికి మన జిల్లా నుంచే ప్రపంచమంతటికీ తెలిసిన ఉదాహరణ ఉంది. నెమలికంఠం వంటి నీలిరంగుతో మెరిసే ఒక పెద్ద సాలెపురుగును 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లోకానికి పరిచయం చేశాడు. అది దొరికిన చోటు గుత్తి రైల్వే కలప యార్డు. నేటికీ దాని పేరు గుత్తి సాలెపురుగే. ఆ తర్వాత నూరేండ్లు దాటినా గుత్తిలో అది మరల కనిపించలేదు. 2001లో కనబడింది, గుత్తిలో కాదు, నంద్యాల గిద్దలూరుల నడుమ అడవిలో! అడవి దుంగలతోపాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని ఇప్పుడు భావిస్తున్నారు. "ఈ పురుగు గుత్తి వంటి పొడినేలలో బ్రతుకుతుంది" అని ఎవరైనా నమూనా కట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. దొరికిన చోటు వేరు, కాపురమున్న చోటు వేరు.

ఇంకో చిక్కు. ఎవరూ వెళ్లని గడిలో సంఖ్య సున్నా అని ఉంటుంది. అది లేకపోవడం కాదు, చూడకపోవడం. పక్షులు చూచేవారు రోడ్డు పక్కన, చెరువు పక్కన, పట్టణాల దగ్గర ఎక్కువ తిరుగుతారు. సింగనమల చెరువు మీద ఉన్నంత చూపు మరూరు వెనుకనున్న గుట్టల మీద ఉండదు. రోడ్డుకు దూరమైన గడి బీదగా కనిపిస్తుంది. ఇక సంఖ్య ఎక్కువైతే చాలునా అంటే, అదీ కాదు. వయ్యారిభామ మొలిచిన చేనులో లెక్కకు ఒక రకం పెరిగినట్టే. ఆ పెరుగుదల ఎంత ఖరీదైనదో కొద్దిసేపట్లో చెప్తాం.

పెద్ద అద్దానికి అస్సలు దొరకని పక్షులు కొన్ని ఉన్నాయి. పసుపు గొంతు పికిలిపిట్ట వాటిలో ఒకటి. దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. బండరాళ్లు, వాటి మధ్య పొదలు ఉన్న గుట్టలే దాని ఇల్లు. నంది కొండల్లో, హార్స్‌లీ కొండల్లో చూడవచ్చు. వాన లెక్క, ఎండ లెక్క ఎంత వేసినా గుట్టమీద బండరాయి ఉందో లేదో ఆ లెక్కలకు తెలియదు. కంకరకోసం గుట్టను పగలగొడితే వాతావరణపు నమూనాలో ఒక్క అంకె కూడా మారదు. పిట్ట మాత్రం పోతుంది.

కలివి కోడి

మా పాఠకులలో పాత మిషను చరిత్ర తెలిసినవారు కాంప్‌బెల్ అన్న పేరు విని ఉంటారు. డబ్ల్యు. హోవర్డ్ కాంప్‌బెల్ లండన్ మిషనరీ సొసైటీ తరఫున రాయలసీమలో పనిచేసిన మిషనరీ. ప్రకృతిని పరిశీలించడం ఆయనకు ఇష్టం. 1900లో అనంతపురం దగ్గర ఆయన ఒక పక్షిని గుర్తించాడు. మెడమీద రెండు పట్టీలు, పొడవాటి కాళ్లు, ఎగరడం కంటె పరుగెత్తడం ఎక్కువ. 1848లో మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డాన్ పేరుతో శాస్త్రానికి తెలిసినదే అది. కాంప్‌బెల్ తర్వాత ఎనభై ఐదేండ్లపాటు ఎవరూ దాన్ని చూడలేదు. భూమిమీద లేకుండా పోయిందనే అందరూ అనుకొన్నారు.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా లంకమల కొండల దగ్గర, రెడ్డిపల్లె పరిసరాల్లో దాన్ని తిరిగి కనుగొన్నారు. నిజానికి కనుగొన్నది ఆయన ఒక్కరే కాదు. ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రివేళ దాన్ని పట్టుకొని తెచ్చాడు. అక్కడివారికి ఆ పక్షి కొత్తది కాదు, దానికొక పేరు కూడా ఉంది, కలివి కోడి. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి ఆ పేరు. రాత్రి తిరిగే పక్షిని పగలు వెదికితే ఎలా దొరుకుతుంది? డాక్టరు సలీం అలీ, ఎంతో వయసు మీద పడిన నాడు, దాన్ని చూడడానికి స్వయంగా వచ్చారు. 1988లో ఆ ప్రాంతాన్ని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు.

ఆ పక్షి ఎలాంటి చోట బ్రతుకుతుందో తెలుసుకోవడానికి జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివారు చేసిన పని మా మనసుకు చాలా నచ్చింది. పొదల మధ్య అక్కడక్కడ మెత్తటి మట్టి పరిచి, తెల్లవారి దానిమీద పడిన కాలిముద్రలు చూసేవారు. ముద్ర పడిన చోట, పడని చోట పొదలు లెక్కపెట్టారు. 2004లో అచ్చయిన ఫలితం ఇది: రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, చిన్న పొదలు వెయ్యికి లోపు ఉన్న చోట కలివి కోడి ఉండే అవకాశం ఎక్కువ. అంతకంటె చిక్కనైతే ఉండదు. అంతకంటె పలచనైతే ఉండదు. కట్టెలు నరికి బోడిచేస్తే పోతుంది. ఎవరూ అడుగుపెట్టకుండా కంచెవేసి చిట్టడవి చేసినా పోతుంది.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే బీడును చూస్తే మంచి మనసున్న ప్రతివారికీ తోచేది "మొక్కలు నాటుదాం" అనే. మేమూ నాటమని చెప్పం. బడి ఆవరణలో, రోడ్డు పక్కన, ఇంటి ముందర నాటండి. కాని బీడు అంటే అడవి కాలేకపోయిన నేల కాదు. గడ్డి, పొదలు, రాళ్లు కలిసి అది తనంతట తానొక కాపురం. మదుసూదన్, అబి వనక్ అనే శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలతో దేశంలో ఇలాంటి బహిరంగ సహజభూములను గుర్తించి పటం తయారుచేశారు. దేశపు నేలలో సుమారు పదో వంతు అలాంటిదే అని వారి అంచనా. మన కాగితాల్లో దీనికి ఉన్న పేరు బంజరు. బంజరు అన్న పేరు పడితే చాలు, ఆ నేలను దేనికి ఇచ్చినా నష్టం లేదనిపిస్తుంది. సోలారు పలకలకు ఇస్తాం, కంకర క్వారీకి ఇస్తాం, నీలగిరి తోటకు ఇస్తాం. కరెంటు వద్దని ఎవరంటారు? ఏ బీడును ఇవ్వాలి, ఏ బీడును ఉంచాలి అని ఎంచుకొనేటప్పుడు నూరు కిలోమీటర్ల అద్దంతో చూస్తే అన్ని బీడులూ ఒక్కటే. ఒక్క కిలోమీటరు అద్దంతో చూస్తే ఏ రెండూ ఒక్కటి కావు.

రాప్తాడు నియోజకవర్గంలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల పాడుపడిన నేలతో టింబక్టు కలెక్టివ్ పని మొదలైంది. వారు ముఖ్యంగా చేసినది నిప్పు పడకుండా కాపాడడం, నీరు ఆపడం. తర్వాత కల్పవల్లి అని పిలిచే చోట ఊళ్లవారితో కలిసి వేల ఎకరాలలో గడ్డిని, చెట్లను తిరిగి తెచ్చుకొన్నారు. నాటినదానికంటె తనంతట మొలిచినదే అక్కడ ఎక్కువ. ఆ కొండల మీదికి తర్వాత గాలిమరలూ, వాటికి రోడ్లూ వచ్చాయి. బంజరు అన్న పేరుకు ఉన్న బలం అంతటిది.

కలివి కోడి సంగతికి వస్తే, చాలా ఏండ్లు దాని జాడ తెలియలేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారు. అనంతపురం దగ్గర మాత్రం కాంప్‌బెల్ చూసినదే చివరిది.

ఒకే పంట, ఒకే పురుగు

పిట్టల గొడవ మనకెందుకు, పంట సంగతి చెప్పండి అనేవారికి 2000 సంవత్సరం జ్ఞాపకముండే ఉంటుంది. ఆ ఏడు ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కలు చిగుళ్ల నుంచి మాడి నల్లబడి చచ్చిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు కనబడింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటే. మొదట అందరూ మామూలు మొవ్వుకుళ్లు అనుకొన్నారు. పరీక్షిస్తే వేరే వైరసు అని తేలింది, పొగాకు జాతిపేరుతో పిలిచే వైరసు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు కలిసి దాని దారి కనిపెట్టారు.

ఆ దారి ఇది. వయ్యారిభామ మొక్కకు ఈ వైరసు సోకినా పైకి ఏమీ కనబడదు, చక్కగా పూస్తుంది. పుప్పొడిలో వైరసు ఉంటుంది. ఆ పువ్వుల్లో తిరిగే సన్నని తామరపురుగులు పుప్పొడిని ఒంటికి అంటించుకొని గాలికి కొట్టుకొని వచ్చి లేత వేరుశనగ ఆకుమీద వాలుతాయి. ఆకును గీకి తింటున్నప్పుడు ఆ గాయంలో పుప్పొడి పడుతుంది. అంతే. 1950ల నడుమ పూనా దగ్గర మొదట కనబడిన పరదేశపు కలుపు ఒకటి, మైళ్లకొద్దీ ఒకే పంట ఒకటి, రెండు కలిస్తే జరిగినది ఇది. వేరుశనగ నుంచి వేరుశనగకు ఆ తెగులు ప్రాకదని కూడా తేలింది. అంటే చేను లోపల కాదు, చేను చుట్టూ ఏముందన్నదే తెగులును నిర్ణయించింది. గట్టు మీద, దారి పక్కన, బీడులో ఏ మొక్క ఉందో ఆ మొక్క.

శాస్త్రజ్ఞులు చెప్పిన మందు కూడా రకాలను పెంచడమే. చేను చుట్టూ జొన్న గాని సద్ద గాని ఒత్తుగా కొన్ని సాళ్లు విత్తమన్నారు. ఎత్తుగా ఎదిగిన సద్ద, గాలికి వచ్చే తామరపురుగును చాలావరకు ఆపుతుంది. పూతకు రాకముందే వయ్యారిభామను పీకేయమన్నారు. మన తాతలు చెనక్కాయలో కంది, అనప, అలసంద, పెసర అక్కడి సాళ్లు వేసినది వైరసు తెలిసి కాదు. ఒకటి పోతే ఒకటి చేతికి వస్తుందని. ఇటీవలి ఏండ్లలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు తొలకరికి ముందే పలురకాల గింజలు కలిపి పొడినేలలో చల్లుతున్నారు. అవి వచ్చిన కొద్దిపాటి తేమకే మొలిచి నేలను కప్పి ఉంచుతాయి. దాని వలన దిగుబడి ఎంత పెరుగుతుందో చేను చేనుకూ మారుతుంది గాని, జూన్ గాలికి మన్ను ఎగిరిపోకుండా ఉండడం మాత్రం కళ్లకు కనిపిస్తుంది.

మీరూ లెక్కపెట్టండి

చివరిగా పిల్లలున్న ఇండ్లకు ఒక పని. నాలుగు మీటర్ల త్రాడు, నాలుగు పుల్లలు చాలు. మంచి వాన పడిన రెండు వారాలకు ఒక చదరపు మీటరు గడి కట్టండి, చేనులో ఒకటి, బీడులో ఒకటి, గుట్ట వాలులో ఒకటి, వీలైతే చర్చి ఆవరణలో ఒకటి. లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టి, తేదీ వేసి, నోటుపుస్తకంలో వ్రాయండి. పేరు తెలియకపోతే ఇబ్బంది లేదు, ఆకు బొమ్మ గీసి "మొదటి రకం", "రెండవ రకం" అని వ్రాస్తే చాలు. తర్వాత ఇంటి పెద్దలకు, ముఖ్యంగా అవ్వలకు, గొర్రెలు కాచేవారికి చూపించండి. పేర్లన్నీ వారి నోట ఉన్నాయి. నాలుగు గళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్నవి ఎన్ని, ఒక్కదానిలోనే ఉన్నవి ఎన్ని అని చూడండి. పుష్యమాసంలో అదే చోట మరల లెక్కపెట్టండి. సంఖ్య ఎంత పడిపోయిందో చూసి పిల్లలు దిగులు పడితే, గింజలు మట్టిలోనే ఉన్నాయని చెప్పండి.

వయ్యారిభామను పీకేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి, దురద పెడుతుంది. బీడులోకి చెప్పులు లేకుండా పోవద్దు. పల్లేరు కాయలు ఈ ఏడు కూడా బాగానే కాశాయి.